మార్కుల కాగితంలో కనిపించని బడి

ఏజెన్సీ బడుల మీద వచ్చే నివేదికలు మనకు కొత్త కాదు. ఏటా ఏదో ఒక సర్వే జరుగుతుంది. మండల కేంద్రంలో సమావేశం పెడతారు. పట్టిక చూపిస్తారు. అందులో మన గూడేల బడులు కింది వరుసల్లో ఉంటాయి. పిల్లలకు చదువు ఎందుకు రావడం లేదని అధికారులు సార్లను అడుగుతారు. సార్లు ఊళ్ళోకి వచ్చి తల్లిదండ్రులను అడుగుతారు. తల్లిదండ్రులు పిల్లల వైపు చూస్తారు. పిల్లలు నేల వైపు చూస్తారు. పై నుంచి బయలుదేరిన ప్రశ్న అందరికంటే చిన్నవాడి దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. తిరిగి పైకి పోదు.

ఈ వ్యాసంలో మేం ఆ పట్టికనే ఒక రచనగా తీసుకుని విమర్శిస్తున్నాం. కథనో కవితనో విమర్శించేటప్పుడు ఏం అడుగుతాం? ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏం చెప్పారు, ఏం చెప్పకుండా వదిలేశారు అని అడుగుతాం. పట్టికను కూడా అలాగే అడగాలి. గడులు గీసినవాడు ఏ గడి పెట్టాలో, ఏది అక్కర్లేదో ముందే నిర్ణయించుకుంటాడు. ఆ నిర్ణయం మీద మనకు మాట ఉండాలి.

ముందే ఒకటి స్పష్టం చేస్తాం. అంకెలు అబద్ధమని మేం అనడం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం అక్షరాస్యత 67 శాతం. ఎస్టీల అక్షరాస్యత 49.2 శాతం. మన ఆడవాళ్ళలో అది 40 శాతం దగ్గరే ఆగింది. ఇవి నిజాలు. మన అమ్మలు వేలిముద్ర వేస్తున్నారంటే ఆ నిజం మన ఇళ్ళలోనే ఉంది. మా తగువు అంకెతో కాదు, ఆ అంకెకు చెబుతున్న అర్థంతో.

ఎస్టీ అనే ఒక్క గడి

బడి వివరాల పత్రంలో పిల్లలను నాలుగు గడుల్లో వేస్తారు: ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ. మన గూడేల బడుల్లో చాలాచోట్ల మూడు గడులు సున్నాలతో ఉంటాయి. పిల్లలందరూ ఎస్టీ గడిలోనే. చూసినవాళ్ళు అందరూ ఒకటే అనుకుంటారు.

పాడేరు, అరకు వైపు ఒక బడిని తీసుకోండి. అదే బెంచీ మీద భగత పిల్ల, కొండదొర పిల్ల, కొందు పిల్ల, పోర్జ పిల్ల కూర్చోవచ్చు. ఒకరి ఇంట్లో ఆదివాసీ ఒడియా, ఒకరి ఇంట్లో కువి, ఒకరి ఇంట్లో తెలుగు. ఒకరి ఊరు రోడ్డు పక్కన, ఇంకొకరి ఊరు కొండ మీద. ఉట్నూరు వైపు వెళితే గోండు, కొలాం, తోటి, లంబాడా పిల్లలు ఒకే బడిలో ఉండవచ్చు. గోండి, కొలామి, లంబాడీ భాషలు మూడూ వేరు. మొదటి రెండూ ద్రావిడ కుటుంబానివి. లంబాడీ ఇండో ఆర్యన్ కుటుంబానిది. సీతంపేట వైపు సవర పిల్లల భాష ఈ రెండు కుటుంబాలకూ చెందదు, అది ముండా భాష.

వీళ్ళందరినీ ఒక్క గడిలో కలిపి సగటు తీస్తే ఏమవుతుంది? కొంచెం ముందున్నవాళ్ళు వెనకబడిన వాళ్ళను కప్పేస్తారు. ప్రభుత్వమే చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి, గదబ, పోర్జ, కొందు, సవర వంటి సమూహాలను మరింత వెనకబడినవిగా వేరే జాబితాలో గుర్తించింది. ఆ తేడా పథకాల కాగితాల్లో ఉంటుంది. మార్కుల పట్టిక దగ్గరకు వచ్చేసరికి మాయమవుతుంది. ఒక మండలంలో ఎస్టీ పిల్లల ఫలితాలు మెరుగయ్యాయని చదివినప్పుడు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఏ ఎస్టీలు? కొండ మీది కొందు పిల్లలు కూడా అందులో ఉన్నారా?

దీన్ని తెగల మధ్య పోటీగా ఎవరూ చదవవద్దు. ఆకలి ఉన్న ఇంటికి ముందు కూడు పెట్టాలంటే ఆ ఇల్లు ఎక్కడుందో తెలియాలి. అంతే.

ఏ భాషలో అడిగారు?

బడి స్థాయిని కొలిచే సర్వేల్లో బాగా పేరున్నది అసర్. 2005 నుంచి ప్రథమ్ సంస్థ నడుపుతోంది. ఇంటింటికీ వెళ్ళి 5 నుంచి 16 ఏళ్ళ పిల్లల చేత అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. లెక్కల్లో అంకెలు గుర్తించడం, తీసివేత, భాగహారం చూస్తారు. ఈ పద్ధతిలో మంచి ఉంది. పరీక్ష సులువు, బడికి రాని పిల్లలను కూడా కలుపుకుంటుంది, ఫలితం ఊళ్ళో ఎవరికైనా అర్థమవుతుంది. ప్రభుత్వం చేసే జాతీయ సాధన సర్వే ఇంకొకటి. 2021 నవంబరు 12న 3, 5, 8, 10 తరగతులకు దేశమంతా పెట్టారు. ప్రశ్నపత్రాలు 22 భాషల్లో తయారు చేశారు. కోయ, గోండి, సవర, కువి వాటిలో లేవు.

ఒక పిల్ల తెలుగు పేరాను చదవలేకపోతే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. చదవడం రాకపోవచ్చు. తెలుగు రాకపోవచ్చు. పట్టికలో రెండిటికీ ఒకే గుర్తు పడుతుంది. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. మందులు కూడా వేరు. చదవడం రాని పిల్లకు అక్షరాలు నేర్పాలి. తెలుగు రాని పిల్లకు ముందు మాట నేర్పాలి, తర్వాత ఆ మాటకు అక్షరం చూపించాలి. మాట తెలియని పిల్లకు అక్షరాలే దిద్దిస్తూ పోతే మూడేళ్ళకు చేతిరాత ముత్యాల్లా వస్తుంది, అర్థం మాత్రం రాదు. బోర్డు మీద ఉన్నది తప్పు లేకుండా ఎక్కించుకుని, ఏం రాశావమ్మా అంటే చెప్పలేని పిల్లలను మన సార్లందరూ చూసే ఉంటారు.

కోయలో, గోండిలో నీళ్ళను ఏర్ అంటారు. తెలుగు సారుకు ఏరు అంటే వాగు. కోయ పిల్ల ఏర్ కావాలంటే సారు ఆశ్చర్యపోతాడు. కోయలో లోను అంటే ఇల్లు. తెలుగులో లోన అంటే లోపల. గోండిలో లెక్క మొదలుపెడితే ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్ అని వస్తుంది. తెలుగు చెవికి ఉండి అనేది లెక్కలా వినిపించదు. ఈ మాటలు తెలుగుకు దగ్గరివే, చుట్టాలే. దగ్గరగా ఉన్నందువల్లే సారుకు అర్థమైనట్టు అనిపిస్తుంది, పిల్లకూ అర్థమైనట్టు అనిపిస్తుంది, మధ్యలో పాఠం జారిపోతుంది.

సవర లెక్క ఇంకా విచిత్రం. సవరలో 12 దాకా వేరు వేరు పేర్లు ఉంటాయి. 13ను పన్నెండూ ఒకటి అని చెబుతారు. 20 దగ్గర మళ్ళీ కొత్త కట్ట మొదలవుతుంది. 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఇలా లెక్కపెట్టే పిల్ల రోజూ మనసులో కూడికలు చేస్తూనే ఉంది. ఆ పిల్లను పదుల స్థానం, ఒకట్ల స్థానం అని నేరుగా అడిగి, తెలియదనగానే లెక్కలు రావని రాసేస్తారు. ఆమెకు ఒక లెక్క వచ్చు. ఆ లెక్క నుంచి ఈ లెక్కకు వంతెన ఎవరూ వేయలేదు.

ఇంట్లో తెలుగే మాట్లాడే తెగలకు ఈ చిక్కు లేదని కొందరు అంటారు. అదీ సరికాదు. కొండరెడ్ల తెలుగు, చెంచుల తెలుగు పాఠ్యపుస్తకం తెలుగు కాదు. వాళ్ళ పిల్లల మాటను తప్పు అని దిద్దితే వాళ్ళూ నోరు మూసుకుంటారు.

గిడుగు దగ్గరకు, మార్లవాయి దగ్గరకు

ఇదంతా ఈనాటి సిద్ధాంతం అనుకునేవాళ్ళకు రెండు పాత సంగతులు గుర్తుచేస్తాం.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. గిడుగు వెంకట రామమూర్తి పుట్టిన రోజు అది. మన బడుల్లో కూడా పటానికి దండ వేసి తెలుగు గొప్పతనం మీద మాట్లాడతారు. ఆ గిడుగే పర్లాకిమిడి ప్రాంతంలో సవర నేర్చుకున్నాడు. సవర పిల్లల కోసం సవరలో పుస్తకాలు తయారుచేశాడు, బడులు పెట్టించాడు. 1931లో ఆయన సవర భాషా వివరణ గ్రంథం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. జనం మాట్లాడే తెలుగులోనే బడి పుస్తకం ఉండాలని పండితులతో పోరాడిన మనిషి, సవర పిల్లకు సవరలోనే పాఠం ఉండాలనుకోవడం సహజం. రెండూ ఒకే నమ్మకం. ఆయన నమ్మకంలో సగం తీసుకుని పండగ చేస్తున్నారు, మిగతా సగం కొండ మీద వదిలేశారు. ఆగస్టు 29న సవర పిల్లల ముందు నిలబడి ఆ సగం గురించి చెప్పే సార్లు ఎంతమంది?

రెండోది మార్లవాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయిన తర్వాత, గోండుల పరిస్థితిని అధ్యయనం చేయడానికి హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ అడవులకు వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి వాళ్ళనే పంతుళ్ళను చేశారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారుచేశారు. అంటే నిజాం కాలంలోనే, రోడ్డు సరిగా లేని ఊళ్ళలో, తల్లిభాషలో ప్రభుత్వ బడి నడిచింది. ఆ బడుల్లో చదివినవాళ్ళలోంచి ఉద్యోగులు, పంతుళ్ళు వచ్చారు. తర్వాత రాష్ట్రాలు మారాయి, చదువు తెలుగులోకి మారింది, గోండి వాచకాలు పక్కకు పోయాయి.

ఈ సంగతి మనం ఎందుకు చెప్పుకోవాలి? తల్లిభాషలో చదువు సాధ్యం కాదన్నప్పుడల్లా ఒకసారి సాధ్యమైందని చెప్పడానికి.

సాధ్యమైనంత వరకు

చట్టం ఏమంటోంది? రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయమంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా బోధన తల్లిభాషలో ఉండాలంది. ముందు సాధ్యమైనంత వరకు అని చేర్చింది. ఈ ఒక్క మాట మన పిల్లల మీద బండరాయిలా పడింది. ఎవరికి సాధ్యం? ఎవరు ప్రయత్నించి కాదన్నారు? ఏ అధికారీ రాసి ఇవ్వక్కర్లేదు. ప్రయత్నించకపోయినా చట్టం తప్పినట్టు కాదు.

ప్రయత్నం ఒకటి జరిగింది కూడా. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా భాషల్లో, తెలుగు లిపిలోనే, 240 బడుల్లో ప్రారంభమైంది. ఒకటో తరగతిలో తల్లిభాష, క్రమంగా తెలుగు, తర్వాత ఇంగ్లీషు అనే మెట్లు వేశారు. పుస్తకాల్లో మన పంటలు, మన పండగలు, మన కథలు వచ్చాయి. దేశంలో చెప్పుకోదగ్గ పని అది.

దాన్ని విమర్శ లేకుండా పొగడలేం. పుస్తకం అచ్చేయడం సులువు. ఆ భాష వచ్చిన సారు ఆ బడిలోనే ఉండాలి. కువి పుస్తకం ఉన్న బడికి కువి రాని సారు బదిలీ మీద వస్తే ఆ పుస్తకం బీరువాలో ఉంటుంది. ఒక ఊళ్ళో రెండు మూడు భాషల పిల్లలుంటే ఏం చేయాలన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. తల్లిదండ్రుల్లో కూడా అనుమానం ఉంది: మా మాట మాకు వచ్చుగా, బడికి పంపేది తెలుగు, ఇంగ్లీషు నేర్చుకోవడానికి కదా అంటారు. ఆ అనుమానాన్ని చిన్నచూపు చూడకూడదు. తల్లిభాష మెట్టు అని, గమ్యం కాదని, ఆ మెట్టు మీద నిలబడిన పిల్ల తెలుగును ఇంకా గట్టిగా పట్టుకుంటుందని ఊళ్ళో కూర్చుని వివరించిన వాళ్ళు తక్కువ. తర్వాత తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తెచ్చింది. తెలుగే పరాయి అయిన కొలాం పిల్లకు ఇప్పుడు రెండు పరాయి భాషలు ఒకేసారి ఎదురవుతున్నాయి. ఇంగ్లీషు కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే పునాది తీయని ఇంటికి రెండో అంతస్తు ఎలా నిలుస్తుంది?

నలుగురిలో ఒకరు

ఇప్పుడు శాతాల సంగతి. పట్టణంలో ఒక తరగతిలో 40 మంది ఉంటే ఒక్క పిల్ల బరువు రెండున్నర శాతం. మన గూడెం బడిలో ఐదో తరగతిలో నలుగురు ఉంటే ఒక్క పిల్ల బరువు 25 శాతం. నలుగురిలో ముగ్గురు చదివితే బడి 75 శాతం. మరుసటి ఏడాది ఐదుగురిలో ఇద్దరు చదివితే 40 శాతం. పట్టికలో చూస్తే బడి కుప్పకూలినట్టు ఉంటుంది. సారు అదే సారు, పాఠం అదే పాఠం. ఒక పిల్లకు మలేరియా వచ్చి నెల రోజులు మంచం పట్టి ఉండవచ్చు, ఇంకొకరి కుటుంబం వలస పోయి ఉండవచ్చు.

ఇంత చిన్న బడులను శాతాలతో పోల్చి మెచ్చుకోవడం, తిట్టడం రెండూ అన్యాయమే. పై ఏడాది అదే సారు మండలంలో మొదటి వరుసకు వస్తే అదీ అంతే అర్థం లేనిది. చిన్న బడిని పేర్లతో చదవాలి. నలుగురే కదా. ఏ పిల్ల ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని నాలుగు వాక్యాలు రాస్తే శాతం కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఒక్క సారు, ఐదు తరగతులు

పట్టికలో పిల్లల మార్కుల గడి ఉంటుంది. ఆ పిల్లకు దక్కిన బోధన గంటల గడి ఉండదు. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలంది. 60 మంది దాకా ఉన్న బడికి ఇద్దరు టీచర్లు ఉండాలంది. మన గూడేల్లో ఒక్క సారే నడిపే బడులు ఎన్నో మనకు తెలుసు. ఆ ఒక్క సారు 800 గంటలూ బడిలోనే ఉండి, ఐదు తరగతులకు సమంగా పంచాడనుకుందాం. ఒక్కో తరగతికి 160 గంటలు వస్తాయి. ఐదేళ్ళకు 800. అంటే తరగతికొక టీచరున్న బడిలో ఒక పిల్లకు ఒక్క ఏడాదిలో దక్కే కాలం మన పిల్లకు ఐదేళ్ళలో దక్కుతోంది. ఇది సారు ఒక్క రోజు కూడా మానకుండా వచ్చినప్పటి లెక్క. మీటింగులు, ఆన్‌లైన్ నమోదులు, బియ్యం లెక్కలు, ఎన్నికల పనులు తీసేస్తే ఎంత మిగులుతుందో సార్లే చెప్పాలి.

ఒక్క టీచరు బడి అంటే చదువు రాని బడి అని మేం అనడం లేదు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్క టీచరు బడులనే పెట్టి, పాఠాలను కార్డులుగా విడగొట్టి, పిల్లలు నిచ్చెన ఎక్కినట్టు ఎవరి వేగంలో వాళ్ళు ముందుకు పోయే పద్ధతి తయారుచేశారు. ఒక్కరితో నడిచే బడికి దానికి తగ్గ పద్ధతి, సామగ్రి, శిక్షణ ఉండాలి. ఐదుగురు టీచర్ల బడికి రాసిన పుస్తకాన్ని ఒక్క టీచరు చేతికిచ్చి ఫలితం అడగడం తప్పు.

టీచరు ఎవరన్నది కూడా ఇక్కడే వస్తుంది. 2000 జనవరిలో వచ్చిన జీవో నం. 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చింది. బయటి టీచర్లు కొండ ఎక్కకుండా గైర్హాజరు కావడం దానికి ఒక ముఖ్య కారణం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ తీర్పు మన యువతను గాయపరిచింది. మనం వీధుల్లోకి వచ్చాం. న్యాయమే. కానీ ఆ చర్చంతా ఉద్యోగం చుట్టూ, శాతం చుట్టూ తిరిగింది. పిల్ల భాష చుట్టూ తిరగలేదు. కొలాం గూడెంలో కొలామి వచ్చిన టీచరు కావాలన్నది శాతాల వాదన కాదు, ఆ ఉద్యోగానికి ఉండాల్సిన అర్హత. మనం ఆ వైపు నుంచి వాదన ఇంకా బలంగా కట్టాలి. అలా కట్టాలంటే ఒక నిజం కూడా ఒప్పుకోవాలి: ఎస్టీ టీచరు అయినంత మాత్రాన ఆ గూడెం భాష వచ్చినట్టు కాదు. భగత టీచరు కొందుల ఊళ్ళో కువి నేర్చుకోకపోతే పిల్లకు అతను కూడా పరాయివాడే.

ఎవరు మిగిలారు?

ఊరి బడిలో ఎవరు చదువుతున్నారో చూడకుండా ఊరి బడి ఫలితం అర్థం కాదు. కాస్త జీతం వచ్చే ఇంటి పిల్లలు మండల కేంద్రంలో ప్రైవేటు బడికి పోతారు. మూడో తరగతి దగ్గర చాలామంది ఆశ్రమ పాఠశాలకు పోతారు. ప్రవేశ పరీక్ష రాసి నెగ్గినవాళ్ళు గురుకులాలకు, ఏకలవ్య బడులకు పోతారు. పోవడం తప్పు కాదు. అక్కడ కూడు, గుడ్డ, చదువు దొరుకుతాయి. కానీ పోయిన పిల్ల మంచి ఫలితం కొత్త బడి ఖాతాలో పడుతుంది. ఆ పిల్లకు అక్షరం నేర్పిన గూడెం బడి ఖాతాలో పేరు కొట్టివేత మాత్రమే మిగులుతుంది. మరీ చిన్నపిల్లలు, తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చే ఆడపిల్లలు, పంపే దారి తెలియని ఇళ్ళ పిల్లలు ఊళ్ళో మిగులుతారు. ఇలా వడగట్టి మిగిల్చిన బడిని, వడగట్టి తీసుకున్న బడితో పోల్చి, ఇది చెడ్డది, అది మంచిది అంటారు. చివరికి పిల్లలు తక్కువయ్యారని మూసేస్తారు.

అడవి క్యాలెండరు

హాజరు గడి కూడా ఇలాంటిదే. చాలా ఏళ్ళుగా బడి లెక్కలకు సెప్టెంబరు 30 ఆధార తేదీ. ఆ రోజున ఉన్న పిల్లలే ఆ ఏడాది పిల్లలు. జనవరి నుంచి మిరప కోతలకు ఖమ్మం, గుంటూరు వైపు పోయే కోయ కుటుంబాల పిల్లలు ఆ తేదీన బడిలోనే ఉంటారు. కోతల నెలల్లో వాళ్ళు ఎక్కడ ఉన్నారో ఆ తేదీ చెప్పదు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది. ఆ తర్వాత తునికాకు. తెల్లవారకముందే అమ్మతో పోయి పువ్వు ఏరే పిల్ల బడికి ఆలస్యంగా వస్తుంది, లేదా రాదు. పాడేరు వైపు ఇటుకల పండగ చైత్రంలోనే. ఏడాది చివరి పరీక్షలు కూడా సరిగ్గా అప్పుడే. కెస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు వస్తుంది. మైదానం పండగలకు సెలవులు దొరికినంత తేలికగా మన పండగలకు దొరకవు. ఆ రోజుల్లో బడికి రాని పిల్లకు గైర్హాజరు పడుతుంది. బడి ఆమె పండగకు గైర్హాజరైందని ఏ రిజిస్టరులోనూ ఉండదు.

మన వైపు చూసుకుంటే

ఇంతవరకూ పట్టికను విమర్శించాం. ఇదంతా విని మన పిల్లలకు చదువు రాకపోయినా ఫరవాలేదని ఎవరైనా అనుకుంటే ఈ వ్యాసం దారి తప్పినట్టే. భాష తేడా అనే మాటను సాకుగా వాడే సార్లు ఉన్నారు. కొండ పిల్లలకు ఇంతే వస్తుందని చెప్పి బోర్డు మీద రాసి కూర్చునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. మండల కేంద్రంలో ఇల్లు కట్టుకుని, తన పిల్లలను ఇంగ్లీషు బడికి పంపి, గూడెం బడికి పది గంటలు దాటాక చేరే ఆదివాసీ టీచరును ఏమనాలి? సభల్లో భాష గురించి ఉపన్యాసాలు ఇచ్చి ఇంట్లో పిల్లలతో ఒక్క మాట కూడా తల్లిభాషలో మాట్లాడని నాయకుణ్ణి ఏమనాలి? పై వాళ్ళను అడిగే ప్రశ్న వీళ్ళనూ అడగాలి. అప్పుడే మన ప్రశ్నకు బరువు ఉంటుంది.

మంచి పని చేస్తున్న సార్లు కూడా ఉన్నారు. రాత్రి గూడెంలోనే పడుకుని, పిల్లల భాష నేర్చుకుని, ముసలమ్మల దగ్గర కథలు విని వాటినే బోర్డు మీదికి ఎక్కించే సార్లు. పట్టికలో వాళ్ళకు గడి లేదు. వాళ్ళ బడి శాతం కూడా పక్క బడి శాతం లాగే ఊగుతుంది. అందుకే పట్టిక చెడ్డ సారును దాచినట్టే మంచి సారునూ దాస్తుంది.

మన రిజిస్టరు

విమర్శ ఇక్కడితో ఆగితే అది కూడా ఇంకో కాగితమే. గూడెంలో ఉన్న చదువుకున్న యువతీయువకులు, సార్లు కలిసి ఒక నోటు పుస్తకం పెట్టమని మేం కోరుతున్నాం. పెద్ద ఖర్చు లేదు. ప్రతి పిల్ల పేరు ఎదురుగా ఈ సంగతులు రాయండి. తెగ ఏది, ఇంట్లో ఏ భాష, బడికి ఎంత నడక. నెలనెలా బడి తెరిచిన రోజులు, సారు ఉన్న రోజులు. పిల్ల ఏ నెలలో ఎందుకు రాలేదు. ఊరి బడి వదిలినవాళ్ళు ఎక్కడికి పోయారు, అక్కడ నిలిచారా, తిరిగి వచ్చారా. ఏడాదికి రెండుసార్లు ప్రతి పిల్లకూ ఒకే కథ ముందు తల్లిభాషలో చెప్పి ప్రశ్నలడగండి, తర్వాత తెలుగులో చదివించి అడగండి. లెక్కలు కూడా రెండు భాషల్లో నోటితో చెప్పించండి. తల్లిభాషలో చెప్పగలిగి తెలుగులో ఆగిపోయిన పిల్ల ఎవరో, రెండిటిలోనూ ఆగిపోయిన పిల్ల ఎవరో అప్పుడు విడిగా కనిపిస్తారు. ఇద్దరికీ ఒకే మందు వేసే పని తప్పుతుంది.

ఈ పుస్తకాన్ని ఎక్కడ చదవాలి? చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి. ఆ కమిటీ మధ్యాహ్న భోజనం కాగితాల మీద సంతకాల కోసమే కూర్చోకూడదు. అక్కడ చదవండి. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన చోటు ఉంది. అక్కడ చదవండి. మన భాషలో చదవండి, అమ్మలకు అర్థమయ్యేలా. మండలం నుంచి పట్టిక వచ్చిన రోజున దాని పక్కన ఈ పుస్తకం పెట్టి అడగండి: మీ కాగితంలో మా బడి 40 శాతం. మా పుస్తకంలో ఐదుగురు పిల్లలు. అందులో ముగ్గురికి కథ అర్థమైంది, తెలుగు రాలేదు. కువి వచ్చిన టీచరును ఎప్పుడు పంపుతారు? రెండో టీచరు పోస్టు ఏమైంది? పరీక్షను పండగ నుంచి ఎందుకు జరపలేరు?

2011 లెక్కల్లో దేశంలో గోండి మాట్లాడేవాళ్ళే 29 లక్షలకు పైగా ఉన్నారు. అయినా ఆ భాష ఎనిమిదో షెడ్యూలులో లేదు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది, ఇప్పుడు ఫోనులో కూడా రాయవచ్చు. లిపి వచ్చింది, చట్టంలో మాట ఉంది, పాత అనుభవం ఉంది, చదువుకున్న తరం ఉంది. లేనిది ఒక్కటే: బడి గురించిన లెక్క మన చేతిలో లేదు. ఆ లెక్క రాయడం మొదలుపెడితే, పిల్లల దగ్గర ఆగిపోయిన ప్రశ్న మళ్ళీ పైకి నడవడం మొదలుపెడుతుంది.